క్లాసు నిండా జెన్నిఫర్లే!

పదిహేనేళ్లపాటు అమెరికా ఉయ్యాలల్ని ఏలిన పేరది. ఇప్పుడు వెతికినా దొరకడం లేదు. ఒక పేరు ఎక్కడ పుడుతుంది, ఎలా పాకుతుంది, ఎందుకు మొహం మొత్తుతుంది?

మా అక్కయ్యకు పన్ను పీకించాలి. న్యూజెర్సీలో వాళ్లింటికి దగ్గర్లోనే ఉన్న పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాం. గోడకున్న టీవీలో ఎవరో చప్పుడు లేకుండా ఉల్లిపాయలు తరుగుతున్నారు. లోపలి తలుపు సగం తెరుచుకుంది. ఫైలు పట్టుకున్న ఓ అమ్మాయి తల బయటపెట్టి ‘జెన్నిఫర్?’ అని పిలిచింది.

ముగ్గురు లేచారు.

ఒకామె చేతిలో ఊలు అల్లిక. ఇంకొకామె కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుంది. మూడో ఆమె అప్పటికే రెండడుగులు వేసేసింది. ముగ్గురికీ యాభై అటూ ఇటూ ఉంటాయి. ఒకరి మొహాలొకరు చూసుకుని ఫక్కున నవ్వారు. ఫైలు పట్టుకున్న అమ్మాయికి ఇరవై దాటి ఉండవు. ఇందులో నవ్వడానికేముందో ఆమెకు అర్థం కాలేదు. గబగబా కాగితం చూసి ఇంటిపేరు చదివింది. అల్లిక ఆమె లోపలికి వెళ్లింది. మిగిలిన ఇద్దరూ ఎన్నాళ్ల పరిచయమో ఉన్నట్టు మాటల్లో పడ్డారు. ‘బళ్లో నన్ను జెన్నిఫర్ ఎం. అనేవారు’ అని ఒకామె అంటే, ‘నేను పొట్టి జెన్‌ని’ అంది రెండో ఆమె.

మా అక్కయ్య దవడ పట్టుకునే నావైపు వంగింది. ‘ఒరే శ్రీనూ, అచ్చం నీ బాధే కదరా!’

నా పేరు శ్రీనివాస్. డెబ్బైల్లో కృష్ణా జిల్లాలో పుట్టిన మగపిల్లాడి గురించి అంతకన్నా చెప్పాల్సిన పనిలేదు. మా తొమ్మిదో తరగతిలో ఐదుగురం ఉండేవాళ్లం. పొడుగు శ్రీను, సైకిల్ శ్రీను, కరణంగారి శ్రీను, బి సెక్షన్ నుంచి వచ్చిన శ్రీను, కళ్లజోడు శ్రీను. ఆఖరివాణ్ని నేను. హాఫియర్లీ పరీక్షల్లో సైకిల్ శ్రీనుకి లెక్కల్లో వచ్చిన పద్దెనిమిది మార్కులు నా ప్రోగ్రెస్ కార్డులోకి ఎక్కాయి. మాస్టారు పొరపాటు ఒప్పుకునేలోపే మా నాన్న చెయ్యి తన పని తాను చేసేసింది. ఆ చెంపదెబ్బ ఇప్పటికీ సైకిల్ శ్రీను ఖాతాలోనే రాసి ఉంచాను. కాబట్టి ఆ ముగ్గురూ ఎందుకు నవ్వారో నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

ఏటా మే నెలలో, మాతృదినోత్సవం దగ్గరపడే వేళకు అమెరికా సామాజిక భద్రత శాఖ ఓ జాబితా బయటపెడుతుంది. కిందటేడాది పుట్టిన పిల్లలకు ఎక్కువమంది పెట్టిన పేర్లు ఏమిటని. ఓ వారం అక్కడి టీవీలకీ అమ్మమ్మలకీ అదే కబురు. 2019లో ఆడపిల్లల జాబితాలో పైకెక్కిన ఒలీవియా 2024 దాకా దిగలేదు. జెన్నిఫర్‌ని వెతకాలంటే మాత్రం నాలుగొందల పేర్లు దాటుకుంటూ కిందికి పోవాలి. ఏడాదికి వెయ్యిమందికి కూడా పెట్టడం లేదు. 1972 అనే ఒక్క ఏడాదిలో అరవై మూడు వేలమందికి పైగా ఆడపిల్లలకు పెట్టిన పేరది!

రాణిగారి పేరు, రాణిగారి నింద

వినడానికి నైలాన్ చీరలాగా ఇరవయ్యో శతాబ్దపు సరుకులా ఉంటుంది గానీ, జెన్నిఫర్ వేరు చాలా లోతుగా ఉంది. బ్రిటన్ పడమటి అంచున ఉన్న వేల్స్‌లో, అక్కడి పాతభాషలో గ్వెన్‌హ్వివార్ అని ఓ పేరు. ‘గ్వెన్’ అంటే తెలుపు, స్వచ్ఛత. రెండో ముక్కకు మెత్తనిదని కొందరు, నీడ అని కొందరు అర్థం చెబుతారు. తెల్లని ఛాయ అనుకుంటే మనకు దగ్గర చుట్టమే. మన శ్వేత, ధవళ, గౌరి అందరూ ఆ తెలుపింటి ఆడపడుచులే కదా.

ఈ గ్వెన్‌హ్వివార్ ఇంగ్లిషులో గ్వినెవిర్ అయింది. ఆర్థర్ మహారాజు పట్టపురాణి. మాన్‌మత్ ఊరి జెఫ్రీ 12వ శతాబ్దంలో లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల కథతో ఆమె యూరప్ అంతటికీ తెలిసింది. తర్వాతి కథకులు ఊరుకోలేదు. రాజుకు కుడిభుజం లాంటి వీరుడు లాన్స్‌లాట్‌తో ఆమెకు ప్రేమ అంటగట్టి, ఆ ప్రేమ వల్లే రాజ్యం కూలిందన్నారు. థామస్ మాలరీ రాసిన ఆర్థర్ గాథను 1485లో కాక్స్‌టన్ అచ్చువేశాక ఆ నింద ఇంగ్లిషువాళ్ల మనసుల్లో పాతుకుపోయింది. పేరు అందమైనదే, పెట్టుకునేదెవరు? కైకేయి అన్న మాటలో మాత్రం అందానికేం తక్కువ? మనం పెట్టుకుంటున్నామా?

నైరుతి కొసన సముద్రంలోకి వేలులా చొచ్చుకుపోయిన కార్న్‌వాల్ వాళ్లు మాత్రం ఆ పేరును వదల్లేదు. వాళ్ల నాలుక మీద అది నలిగి నలిగి జెనిఫర్ అయింది. మన పల్లెల్లో వెంకటేశ్వర్లు ఎంకటేసులైనట్టే. రాణి పోయింది, రచ్చ పోయింది. చేపలు పట్టేవాళ్ల, తగరం గనుల్లోకి దిగేవాళ్ల ఇళ్లలో ఆడపిల్ల పేరుగా మిగిలింది. ఆ మూల దాటకుండా శతాబ్దాలు గడిపేసింది.

అమెరికా చరిత్రలో మాత్రం జెన్నిఫర్లందరికన్నా ముందు ఓ జెనిఫర్ ఉన్నాడు. ఉన్నాడు అనే అంటున్నాను. 1787లో అమెరికా రాజ్యాంగం మీద సంతకం పెట్టినవాళ్లలో మేరీలాండ్ పెద్దమనిషి ఒకాయన పేరు డేనియల్ ఆఫ్ సెయింట్ థామస్ జెనిఫర్. అది ఆయన ఇంటిపేరు.

> బొమ్మలో పొద, పాటలో పొద
>
> గ్వినెవిర్ ఇటలీ వెళ్లి జినెవ్రా అయింది. 1470ల్లో ఫ్లోరెన్స్‌లో లియొనార్డో డావిన్సీ జినెవ్రా దె బెంచీ అనే యువతి బొమ్మ వేస్తూ, ఆమె తల వెనక జూనిపర్ పొద గీశాడు. జూనిపర్‌ని ఇటాలియన్‌లో జినెప్రో అంటారు. పేరు మీద చిత్రకారుడి శ్లేష అన్నమాట. ఇంచుమించు ఐదొందల ఏళ్ల తర్వాత, 1968లో, స్కాట్లండ్ గాయకుడు డోనవన్ ‘జెన్నిఫర్ జూనిపర్’ అని పాట కట్టి మళ్లీ ఆ రెండింటినీ కలిపాడు. అది జెన్నీ బాయిడ్ అనే మోడల్ కోసం రాసిన పాట. లియొనార్డో బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

నాటకం నుంచి ఉయ్యాలకు

కార్న్‌వాల్ మూల నుంచి ఆ పేరును లండన్‌కు తీసుకొచ్చిన పుణ్యం బెర్నార్డ్ షాది. 1906 నవంబరులో రాయల్ కోర్ట్ థియేటర్లో ఆయన నాటకం ‘ది డాక్టర్స్ డైలమా’ ఆడింది. అందులో నాయిక జెన్నిఫర్ డ్యూబెడా, జబ్బుపడిన చిత్రకారుడి భార్య. లిల్లా మెకార్తీ ఆ వేషం వేసింది. ఆ పేరు లండన్ చెవికి ఎంత కొత్తదంటే, నాటకంలో డాక్టరే ఇదేం పేరని ఆశ్చర్యపోతాడు. మా కార్న్‌వాల్‌లో మామూలేనండీ, మీ గ్వినెవిరే ఇది అని ఆమె సర్దిచెప్పుకోవాల్సి వస్తుంది.

1930లు వచ్చేసరికి ఇంగ్లండులో నాటకాలవాళ్ల ఇళ్లు దాటి మామూలు ఇళ్లలోకి చేరింది. 1934లో సౌత్‌పోర్ట్‌లో ఓ రంగస్థల కుటుంబంలో పుట్టిన పాపకూ అదే పేరు పెట్టారు. ఆ పాప మనకు తెలిసినామే. షేక్‌స్పియర్ నాటకాలు మూటగట్టుకుని భారతదేశమంతా తిరిగిన కెండల్ దంపతుల పెద్దమ్మాయి, శశికపూర్ భార్య జెన్నిఫర్ కెండల్. 1978లో జుహూలో భర్తతో కలిసి పృథ్వీ థియేటర్ తలుపులు తెరిచిందీ, 1981లో ‘36 చౌరంఘీ లేన్’లో ఒంటరి టీచరమ్మగా గుండె పిండిందీ ఆమే.

అమెరికాలో దారి వేరు. అక్కడి ప్రభుత్వ లెక్కల్లో తొలి వెయ్యి పేర్లలోకి జెన్నిఫర్ అడుగుపెట్టింది 1938లో. ఐదేళ్ల తర్వాత హాలీవుడ్ దానికి మెరుగు పెట్టింది. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ కంట్లో పడిన ఫిలిస్ ఐస్‌లీ అనే ఓక్లహామా అమ్మాయి, పేరు మార్చుకుని జెన్నిఫర్ జోన్స్‌గా తెరకెక్కింది. ‘ద సాంగ్ ఆఫ్ బెర్నడెట్’కు 1944లో ఆస్కార్ అందుకున్న రోజే ఆమె ఇరవై అయిదో పుట్టినరోజు. మన సినిమావాళ్లకూ పేరు మార్పు కొత్తేం కాదు. వసుంధరాదేవి కాంచన అయింది, మహానటులెందరో అలా మారినవాళ్లే. మనకు తెలిసిన తేడా ఒక్కటే: హాలీవుడ్ పెట్టిన పేరు ఆ తర్వాత లక్షల ఇళ్లలోకి వెళ్లింది.

పదిహేనేళ్ల పట్టం

అమెరికాలో ఆడపిల్లల పేర్ల సింహాసనం మీద దశాబ్దాల తరబడి కూర్చున్నది మేరీ. మధ్యలో ఆరేళ్లు లిండా లేపింది. 1962లో లిసా వచ్చి మేరీని సాగనంపింది. 1970లో లిసాను దించి జెన్నిఫర్ ఎక్కింది. 1984 దాకా దిగలేదు. ఆ పదిహేనేళ్లలో ఎనిమిదిన్నర లక్షలమందికి పైగా ఆడపిల్లలు జెన్నిఫర్లయ్యారు. 1974 ప్రాంతంలో పుట్టిన ప్రతి పాతికమంది ఆడపిల్లల్లో ఒకరిది ఆ పేరే.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటే, ‘లవ్ స్టోరీ’. ఎరిక్ సీగల్ నవల 1970 ఫిబ్రవరిలో వచ్చింది, సినిమా డిసెంబరులో. రొట్టెల బట్టీ నడిపేవాడి కూతురు, డబ్బున్నింటి అబ్బాయి, పెళ్లి, రక్త క్యాన్సరు, పాతికేళ్లకే చావు. థియేటర్లో చేతిరుమాళ్లు తడిశాయి. ఆ కథానాయిక జెన్నీ, అంటే జెన్నిఫర్. ఇంకేం, దేశమంతా ఏడ్చి ఇంటికొచ్చి పాపకు ఆ పేరు పెట్టేసుకుందని కథ.

కథ బాగుంది, తారీఖులే ఒప్పుకోవు. 1960లు ముగిసేనాటికే జెన్నిఫర్ తొలి ఐదు పేర్లలో ఉంది. మొదటి స్థానం 1970లోనే వచ్చేసింది. సినిమా విడుదలైంది ఆ ఏడాది ఆఖర్న, క్రిస్మస్‌కు తొమ్మిది రోజుల ముందు. 1970లో నలభై ఆరువేలున్న జెన్నిఫర్లు 1971లో యాభై ఆరువేలయ్యారన్నది నిజమే, అందులో సినిమా చెయ్యి ఉండే ఉంటుంది. కానీ పరుగెత్తే బండిని తోసినవాణ్ని బండి కనిపెట్టినవాడు అనలేం కదా. నన్నడిగితే నవల రాసినాయనే అప్పటికి గాలిలో ఉన్న పేరు అందిపుచ్చుకున్నాడు.

అసలు కారణం ఆ అమ్మానాన్నల దగ్గర ఉంది. అరవైల్లో పెళ్లి చేసుకున్న కుర్రకారుకు నాయనమ్మల పేర్లు విసుగెత్తాయి. మేరీ, మార్గరెట్, డొరతీ... ఒక్కో పేరు వెనక ఒక్కో మేనత్తో, ఓ పునీతురాలో నిలబడి ఉంటుంది. వాళ్లకు ఎవరి నీడా పడని పేరు కావాలి. జెన్నిఫర్ సరిగ్గా అలాంటిది. పాతదే, కానీ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ఏ మతం ముద్రా లేదు. క్యాథలిక్ ఇంట్లోనూ ఒప్పుతుంది, యూదుల ఇంట్లోనూ ఒప్పుతుంది. మధ్యలో ‘న్ని’ దగ్గర కాస్త ఆగి ‘ఫర్’ అని ఊపిరి వదలడం హాయిగా ఉంటుంది. ముద్దుగా పిలవడానికి జెన్నీ రెడీగా ఉంది. ఎవరికీ లేని పేరు పెట్టామని ఒక్కో ఇంట్లో మురిసిపోయారు. ఆ మురిపెం ఒకే ఏడాది అరవై వేల ఇళ్లలో జరిగింది.

హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ లీబర్సన్ 2000లో పేర్ల ఫ్యాషన్ మీద ఓ పుస్తకమే రాశారు. సినిమాలు, తారలు అనుకున్నంత పని చేయవనీ, పేర్ల ఫ్యాషన్‌కు తనదైన ఊపు ఉంటుందనీ, చెవికి ఇప్పటికే అలవాటైన శబ్దానికి కాస్త పక్కకు జరిగిన శబ్దమే తర్వాతి వంతు అందుకుంటుందనీ ఆయన మాట. 1985లో జెన్నిఫర్‌ను దించిందెవరో చూడండి: జెస్సికా. అదే ‘జె’.

> ఒక పాట, ఒక పాప
>
> పేరును నిజంగానే ఓ పాట అందలమెక్కించిన సందర్భం ఉంది. జాక్ లారెన్స్ అనే గేయ రచయిత, తన లాయరు లీ ఈస్ట్‌మన్ కూతురి పేరు మీద ‘లిండా’ పాట రాశాడు. 1947లో బడ్డీ క్లార్క్ గొంతులో అది దేశమంతా మోగింది. అప్పటికే జోరుమీదున్న లిండా ఆ ఏడాదే మేరీని దించి మొదటి స్థానం పట్టేసింది. 1952 వరకు ఉంది. ఇంతకీ ఆ లాయరుగారి అమ్మాయి పెద్దయ్యాక ఫొటోగ్రాఫర్ అయింది. బీటిల్స్ పాల్ మెకార్ట్నీని పెళ్లాడింది.

హాజరుపట్టీలో ఇంటిపేరు ముక్క

ఆ మురిపెం బండారం ఐదేళ్ల తర్వాత, పిల్లల్ని బళ్లో వేసిన రోజు బయటపడింది. టీచరు ‘జెన్నిఫర్’ అంటే మూడు చేతులు లేచేవి. అక్కడ మన లాగా పొడుగు, పొట్టి, సైకిల్ అని పేర్లు తగిలించడం మొదట టీచర్లకు మొహమాటం. ఇంటిపేరులో మొదటి అక్షరం తోక తగిలించారు. జెన్నిఫర్ బి., జెన్నిఫర్ కె., జెన్నిఫర్ ఎం. మిగతాది పిల్లలే సర్దుకున్నారు. ఒకతె జెన్, ఒకతె జెన్నీ, ఒకతె మొండికేసి పూర్తి జెన్నిఫర్. జెన్నీకి ఇంగ్లిషులో ఆఖరున ‘వై’ బదులు ‘ఐ’ రాసుకుని, దాని మీది చుక్క బదులు గుండె బొమ్మ గీసుకున్నవాళ్లూ ఉన్నారు. తన పేరు తనకే మిగలాలనే ఆరాటం ఆ గుండె బొమ్మంత ఉంటుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసి చూశాను. పాతికమందిలో ఒకరు అంటే, పదిహేనుమంది ఆడపిల్లలున్న క్లాసులో సగటున ఒక్క జెన్నిఫర్ కూడా నిండుగా రాదు. మరి క్లాసు నిండా జెన్నిఫర్లే అని ఆ తరమంతా ఎందుకు చెబుతుంది? ఒకటి, పేర్లు దేశమంతా సమానంగా చల్లినట్టు పడవు, ఒక వీధిలో ఒకరు పెడితే పక్కింటికీ పాకుతాయి. రెండోది మనిషి జ్ఞాపకం. ఒక్క జెన్నిఫరే ఉన్న క్లాసు ఎవరికీ గుర్తుండదు. ఐదుగురున్నది జన్మంతా గుర్తుంటుంది. మా ఆరో తరగతిలో ఎందరు శ్రీనులున్నారో నన్నడగండి, చెప్పలేను.

ఈ గుంపు మీద పాటలొచ్చాయి. మైక్ డౌటీ అనే గాయకుడి పాట పేరే ‘27 జెన్నిఫర్స్’. 1988లో వచ్చిన ఓ పేర్ల పుస్తకం అట్ట మీదే ‘బియాండ్ జెన్నిఫర్ అండ్ జేసన్’ అని వేశారు, అంటే ఆ రెండూ వదిలేసి ఇంకేమైనా చూసుకోండమ్మా అని. రాసిన ఇద్దరి పేర్లు లిండా, పమేలా. వాళ్ల కాలంలో అవీ వీధికొకటే!

గుంపులో పుట్టినంత మాత్రాన గుంపులో కలిసిపోయారా అంటే అదీ లేదు. జెన్నిఫర్ జోన్స్ తర్వాత నటనకు ఆస్కార్ అందుకున్న జెన్నిఫర్లు ఇంకో ముగ్గురు: కానలీ, హడ్సన్, లారెన్స్. హవాయిలో పెరిగిన జెన్నిఫర్ డౌడ్నా జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పరిజ్ఞానానికి 2020లో ఎమాన్యుయెల్ షార్పెంటియేతో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ అందుకుంది. పదిహేనేళ్లకే వింబుల్డన్ సెమీస్ ఆడిన కాప్రియాటీ జెన్నిఫరే. ఇక జెన్నిఫర్ లోపెజ్ అయితే పేరునే కత్తిరించి ‘జె-లో’ అని తన సొంత గుర్తు చేసుకుంది. హాజరుపట్టీలో అక్షరం తగిలించడం టీచరు చేస్తే చిన్నతనం, తనే చేసుకుంటే బ్రాండు.

> బెన్‌గారి ఇద్దరు జెన్నిఫర్లు
>
> నటుడు బెన్ ఆఫ్లెక్, జెన్నిఫర్ లోపెజ్ 2002లో నిశ్చితార్థం చేసుకున్నారు. పత్రికలు ఇద్దరినీ కలిపి ‘బెన్నిఫర్’ అన్నాయి. 2004లో విడిపోయారు. మరుసటేడు ఆయన జెన్నిఫర్‌నే పెళ్లాడాడు. కాకపోతే జెన్నిఫర్ గార్నర్‌ని! ఆ బంధమూ తెగింది. 2022లో మళ్లీ మొదటి జెన్నిఫర్ మెడలో పూలదండ పడింది, అదీ నిలవలేదు. ఇందులో విధి విలాసం ఏమీ లేదు. 1969లో ఒకరు, 1972లో ఒకరు పుట్టారు. ఆ ఈడు అమెరికన్ మగాడికి ఇద్దరు జెన్నిఫర్లు తగలడం పెద్ద విశేషం కాదు.

లెక్క తేల్చిన మైఖేల్

ఇన్ని అంకెలు మనకెలా తెలుస్తున్నాయన్నదీ ఓ పేరు బాధితుడి కథే. 1997లో బాల్టిమోర్ దగ్గర సామాజిక భద్రత శాఖలో మైఖేల్ షాకిల్‌ఫర్డ్ అనే గణకుడు పనిచేసేవాడు. అమెరికాలో మగపిల్లల్లో దశాబ్దాలు ఏలిన పేరు మైఖేల్. ఎక్కడికెళ్లినా ఇంకో ఇద్దరు మైఖేల్‌లు తగిలి ప్రాణం విసిగిపోయింది. తనకు పుట్టబోయే బిడ్డకు ఆ గతి పట్టకూడదనుకున్నాడు. ఆఫీసులో ఉన్న సామాజిక భద్రత కార్డుల దరఖాస్తుల్ని పేర్లవారీగా లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. ఏవి ఎక్కువో తెలిస్తే వాటిని తప్పించొచ్చని ఆయన ఆశ. ఆ జాబితా జనంలో పెడితే జనానికి పిచ్చి పట్టింది. ఇప్పుడది ప్రభుత్వమే ఏటా జరిపే తంతు అయింది. షాకిల్‌ఫర్డ్ తర్వాత ఉద్యోగం వదిలి లాస్‌వెగాస్ జూదపు లెక్కల్లో నిపుణుడయ్యాడు. పేరు పెట్టడం కూడా అలాంటి ఆటే.

ఆ జాబితా చేసిన పని ఇంకొకటి ఉంది. అమ్మానాన్నలు ముందే చూసుకుని తప్పుకుంటున్నారు. అందుకే 2024లో మొదటి స్థానంలో ఉన్న ఒలీవియా పేరు వందమంది ఆడపిల్లల్లో ఒక్కరికి కూడా పూర్తిగా దక్కలేదు. రాణి అదే, రాజ్యమే చిన్నదైంది. జెన్నిఫర్ అంత పెద్ద గుంపు మళ్లీ తయారవుతుందని నాకు నమ్మకం లేదు.

జెన్నిఫర్ దిగిపోవడానికి వేరే నేరమేదీ చేయలేదు. 1984లో పుట్టిన జెన్నిఫర్‌కి పాప పుట్టేనాటికి, ఆ పేరు కొలువులో పై అధికారిదో, పక్కింటి పిన్నిదో అయిపోయింది. తన పేరు, పైగా తన క్లాసులో ఐదుగురికి ఉన్న పేరు, పాపకు ఎవరు పెడతారు? ఇంకో ఇరవై ఏళ్లకు అది అమ్మమ్మల పేరవుతుంది. ఒకప్పుడు పాతబడి మూలపడ్డ ఎమ్మా, అమేలియా, షార్లెట్ ఇవాళ మళ్లీ పైవరసలో ఉన్నాయి కాబట్టి, జెన్నిఫర్ రోజులూ ఎప్పటికైనా తిరిగొస్తాయనే నా పందెం.

> జెన్నిఫర్ కన్నా ముందే జెన్నీ
>
> సాంఘికశాస్త్రంలో మనం బట్టీపట్టిన ‘స్పిన్నింగ్ జెన్నీ’ గుర్తుందా? 1760ల్లో జేమ్స్ హార్‌గ్రీవ్స్ కట్టిన నూలు వడికే యంత్రం. అప్పటికి జెన్నీ అంటే జేన్‌కు ముద్దుపేరు, జెన్నిఫర్‌తో పనిలేదు. ఇంగ్లిషులో ఆడ గాడిదనూ జెన్నీయే అంటారు. 1981లో టామీ టుటోన్ బృందం పాడిన జెన్నీ పాటలో ఓ ఫోన్ నంబరుంది, 867-5309. ఆ నంబరున్న పాపానికి అమెరికాలో ఎందరిళ్లలోనో అర్ధరాత్రి ఫోన్లు మోగాయి. ‘జెన్నీ ఉందా?’

మన ఇళ్లలో

ఈ పేరు మన దగ్గరికీ వచ్చింది. బైబిల్లో లేకపోయినా మన క్రైస్తవ కుటుంబాల్లో మార్తమ్మ, ఎస్తేరమ్మ, సువార్తమ్మల మనవరాళ్లలో జెన్నిఫర్లు కనిపిస్తారు. పల్లెలో నాయనమ్మ నోట్లో అది ‘జెనీపరు’. నవ్వకండి, కార్న్‌వాల్ నాయనమ్మలు చేసిందీ అదే. తెలుగు సినిమాల్లో మనకు తెలిసిన జెన్నీ అయితే మగాయనే. ఆ హాస్యనటుడి అసలు పేరు పోలాప్రగడ జనార్దనరావు. ‘బొమ్మరిల్లు’ హాసిని జెనీలియాను జెన్నిఫర్‌కి చెల్లెలనుకునేవాళ్లున్నారు. కాదు. అమ్మ జీనెట్, నాన్న నీల్ పేర్లను కలిపి కుట్టిన పేరది.

మా శ్రీనివాసుల కథ జెన్నిఫర్ల కథకు తిరగేసిన చొక్కా. మా అమ్మానాన్నలకు ఎవరికీ లేని పేరు పెట్టాలన్న ఆలోచనే రాలేదు. తిరుపతి మొక్కు తీరింది, దేవుడి పేరు పెట్టారు. అందరికీ ఉన్న పేరు కావడమే దానికి గౌరవం. అక్కడ కొత్తదనం కోరి, ఇక్కడ కొత్తదనం ఊసే ఎత్తక, చివరికి రెండు దేశాల పిల్లలం హాజరుపట్టీ దగ్గర ఒకే అవస్థలో కలుసుకున్నాం. కాకపోతే మాకు అది అవస్థని తెలియదు. ‘ఏయ్ శ్రీనూ’ అని బజార్లో ఎవరు పిలిచినా పలకడం అలవాటైపోయింది.

ఇప్పుడు మనమూ అమెరికా వాళ్ల డెబ్బైల్లో ఉన్నాం. నాయనమ్మ పేరు వద్దు, దేవుడి పేరైతే ఎవరూ వాడనిది కావాలి, రెండక్షరాలు ఉండాలి, అమెరికా టీచరు నోరు తిరగాలి, నక్షత్రానికి చెడకూడదు, న్యూమరాలజీకి ఓ అక్షరం పెరిగినా ఫర్వాలేదు. మా మేనకోడలు డాలస్‌లో తొమ్మిది నెలలూ ఈ వడపోతలోనే గడిపింది. ఫోన్లో మూడు యాప్‌లు, గోడమీద ఓ పట్టిక. ఆఖరికి ‘ఎవ్వరికీ లేదు మావయ్యా’ అని ఫోన్ చేసి పాపకు ఆద్య అని పెట్టింది. పాపకు ఐదేళ్లొచ్చాయి. ఆదివారం తెలుగు బడిలో వేశారు. మొదటి రోజే టీచరమ్మ కాగితం మీద రాసుకుంది: ఆద్య కె., ఆద్య పి., ఆద్య ఆర్.

మా పాప ఆద్య పి.

అందుకని బారసాల దగ్గరపడ్డ అమ్మానాన్నలకు ఓ శ్రీనివాస్ మనవి. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసేముందు, బడి వదిలే వేళకు పక్క వీధి ప్లేస్కూలు గేటు దగ్గరికి వెళ్లండి. మీరనుకున్న పేరు ఒక్కసారి గట్టిగా పిలవండి. ముగ్గురు తిరిగి చూశారంటే, నెమ్మదిగా ఇంటికొచ్చి జాబితాలో రెండో పేరు చూసుకోండి.